చీకటి పడితే ఆగిపోయే డీవీఆర్: చెరువు గట్టు మీద ఒక అడాప్టర్ కేసు

భీమవరం దగ్గర కాళ్ళ మండలంలో వనామీ రొయ్యల సాగు చేసే ఒక రైతు కేసు ఇది. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు, అందులో నాలుగు కెమెరాల బొమ్మని రికార్డు చేసే డీవీఆర్, ఒక ఫైబర్ రౌటర్, చిన్న టీవీ. ఆయన ఫిర్యాదు ఆయన మాటల్లోనే చెబుతాను: "పగలంతా బాగానే ఉంటుందండి. చీకటి పడిందంటే చాలు, బొమ్మ పోద్ది. తెల్లారేసరికి దానంతటదే వచ్చేస్తుందండి. రాత్రి రికార్డింగు ఒక్క ముక్క లేదు."

నా దగ్గరికి రాకముందే హార్డ్ డిస్కు మార్చారు. అయినా తగ్గలేదు. డీవీఆర్ బోర్డు పోయింది, కొత్తది తీసుకోండని ఎవరో చెప్పారట. ఈలోగా రౌటర్ కూడా చచ్చిపోయింది. కాపలా అవసరమయ్యేదే రాత్రిపూట, సరిగ్గా అప్పుడే కెమెరాలు లేకపోవడంతో ఆయన టెన్షన్ అంతా ఇంతా కాదు. పంట కౌంటుకి, అంటే పట్టి అమ్మే సైజుకి, వచ్చే దశలో ఉంది.

ఇలాంటి కేసుల్ని వివరంగా రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. మా ప్రాంతంలో ఎలక్ట్రానిక్ వస్తువులు వాటంతట అవి పాడవడం కంటే, తప్పు అడాప్టర్ తగిలి పాడవడం నేను ఎక్కువగా చూస్తున్నాను. "పిన్ను పట్టింది కదా" అన్న ఒక్క ధైర్యంతో వేలకు వేలు పోగొట్టుకుంటున్నారు.

ముందు చరిత్ర

వస్తువు విప్పకముందు నేను అడిగేది ఒకటే: గొడవ మొదలయ్యే ముందు ఏం మారింది? రైతుకి వెంటనే గుర్తు రాలేదు. షెడ్డులో ఉండే కాపలా కుర్రాడు చెప్పాడు. ఎండాకాలం చివర్లో ఈదురుగాలి వాన పడ్డ రాత్రి దగ్గర్లో పిడుగు పడింది. కెమెరాలకి కరెంటు ఇచ్చే డబ్బా పోయింది, రౌటర్ అడాప్టరూ పోయింది. మర్నాడు ఇంటి నుంచి ఒక సంచి నిండా పాత అడాప్టర్లు తెచ్చి, పట్టినవి పెట్టారు. రెండూ పనిచేశాయి. దాంతో ఆ సంగతి అందరూ మర్చిపోయారు.

సంచి తెప్పించి మంచం మీద బోర్లించాను. అందులో ఉన్నవి చెబితే ఈ కేసు సగం అర్థమవుతుంది. 19 వోల్టులు, 3.42 ఆంపియర్ల పాత ల్యాప్‌టాప్ అడాప్టర్. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఛార్జర్. చర్చిలో వాయించే కీబోర్డుది 9 వోల్టుల అడాప్టర్ ఒకటి. ఎప్పటిదో పాత మోడెమ్‌ది, ఔట్‌పుట్ దగ్గర 9 వోల్టులు అని ఉండి పక్కన అల గుర్తు ఉన్నది. రెండు ఫోన్ ఛార్జర్లు. లేబుల్ పూర్తిగా చెరిగిపోయినవి రెండు. ల్యాప్‌టాప్ అడాప్టర్ మాత్రం దుమ్ము లేకుండా ఉంది. రౌటర్‌కి పెట్టింది ఇదేనా అని అడిగితే అవునన్నాడు కుర్రాడు. "పెట్టగానే లైట్లన్నీ వచ్చాయండి, మర్నాటికి ఆగిపోయింది."

రౌటర్ ఎందుకు పోయింది

రౌటర్ అడుగున 12 వోల్టులు, 1 ఆంపియర్ అని స్పష్టంగా ఉంది. విప్పి చూస్తే పిన్ను పక్కనే ఉన్న కెపాసిటర్ నెత్తి ఉబ్బింది. దాని మీద 16 వోల్టులు అని రాసి ఉంది. 12 వోల్టుల వస్తువులో 16 వోల్టుల కెపాసిటర్ వేయడం మామూలే. దాని మీద 19 పెడితే అది వేడెక్కి లీకవడం మొదలవుతుంది. ఆ వెనకాలే 12ని 5కి, 3.3కి దించే చిన్న చిప్పు, ఐసీ అంటాం, ఉంటుంది. ఇలాంటి రౌటర్లలో వేసే ఐసీలు చాలావాటికి 18 వోల్టులే హద్దు. ఈ రౌటర్‌లో ఆ ఐసీ షార్ట్ అయింది, దాంతో పై వోల్టేజీ నేరుగా ప్రాసెసర్ దాకా వెళ్లింది. ఇక బాగుచేసే పని లేదు.

ల్యాప్‌టాప్ పిన్ను రౌటర్‌లోకి ఎలా దూరిందో కూడా చూడాలి. రెండూ బయట కొలత 5.5 మిల్లీమీటర్లే. లోపలి రంధ్రం మాత్రం ల్యాప్‌టాప్‌ది 2.5, రౌటర్‌లో ఉన్న సూది 2.1. పెద్ద రంధ్రం సన్న సూది మీదికి సులువుగా జారిపోతుంది, కాస్త వదులుగా ఉంటుంది అంతే. అదే తిరగేస్తే, 2.1 పిన్ను 2.5 సూది మీదికి ఎక్కదు. అంటే ఆకారం ఒక వైపు ఆపుతుంది, ఇంకో వైపు ఆపదు. పిన్ను పట్టడాన్ని నమ్మకూడదని నేను ఇంత గట్టిగా చెప్పేది అందుకే. పెట్టగానే లైట్లు వెలగడాన్ని అసలు నమ్మకూడదు. ఎక్కువ వోల్టేజీ ఒక్కోసారి వెంటనే చంపదు, కొన్ని గంటలు తీసుకుంటుంది.

ఫోన్ సంగతి వేరు. టైప్ సీ ఛార్జర్, ఫోను ముందు మాట్లాడుకుంటాయి. ఛార్జర్ మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోను అడిగితేనే 9కి, 15కి, 20కి వెళుతుంది. అందుకే 65 వాట్ల మంచి ఛార్జర్‌తో మామూలు ఫోను ఛార్జ్ చేసినా ఏమీ కాదు. ఆ అలవాటే మనుషుల్ని గుండ్రటి పిన్ను దగ్గర మోసం చేస్తోంది. గుండ్రటి పిన్నులో మాట్లాడుకోవడాలు ఏమీ ఉండవు, ఎంత ఉంటే అంత నేరుగా లోపలికి తోసేస్తుంది.

రాత్రి రహస్యం

అసలు కేసు డీవీఆర్‌ది. రైతు అనుమానం చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మీద. అది తీసిపారేసే అనుమానం కాదు. పొద్దు కుంకితే నీళ్లలో నాచు ఆక్సిజన్ ఇవ్వడం ఆపేస్తుంది, తెల్లవారుజాముకి ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అందుకని రాత్రంతా ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. రాత్రే ఏరేటర్లు, రాత్రే డీవీఆర్ గొడవ. కాబట్టి లైన్లో వోల్టేజీ పడిపోతోందని ఆయన లెక్క.

మధ్యాహ్నం పూట ఆయన్నే ఏరేటర్లన్నీ వేయమని అడిగి, షెడ్డు ప్లగ్గులో మీటరు పెట్టాను. 226 వోల్టుల నుంచి 208కి దిగి మళ్లీ లేచింది. డీవీఆర్ కదల్లేదు. కదలదు కూడా, ఎందుకంటే దాని అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంది. 208 దానికి లెక్కే కాదు. ఏరేటర్లని కేసులోంచి తీసేశాను.

తర్వాత వైర్లు వెతికాను. పిడుగుకి పోయిన కెమెరా డబ్బా 12 వోల్టులు, 5 ఆంపియర్లది. దాని బదులు ఎవరో డీవీఆర్ అడాప్టర్‌కే ఒకటి నుంచి ఐదు పిన్నులు వచ్చే స్ప్లిట్టర్ వేసి, నాలుగు కెమెరాలనీ దాని మీదే వేలాడదీశారు. ఆ అడాప్టర్ 12 వోల్టులు, 2 ఆంపియర్లది. వోల్టులు సరిగ్గానే ఉన్నాయి, ప్లస్ మైనస్ సరిగ్గానే ఉన్నాయి, అందుకే పగలు పనిచేస్తోంది.

రాత్రికీ పగటికీ కెమెరాలో ఒక్కటే తేడా. చీకటి పడగానే లెన్సు చుట్టూ ఉండే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి. రాత్రి దాకా ఆగక్కర్లేదు. కెమెరా ముఖం మీద నల్ల ఇన్సులేషన్ టేపు వేస్తే చీకటి పడిందనుకుంటుంది. ఆ లైట్లు మన కంటికి సన్నటి ఎర్ర చుక్కల్లా ఉంటాయి, పట్టపగలు కనపడవు. కాబట్టి టేపు అంచు కొంచెం ఎత్తి, ఫోన్ కెమెరాలోంచి చూశాం. ఊదా రంగులో మెరుస్తున్నాయి. వెలిగాయని ఖాయం చేసుకున్నాకే ముందుకెళ్లాం.

డీవీఆర్ దగ్గర వోల్టేజీ చూస్తూ కూర్చున్నాను. కుర్రాడు నిచ్చెన వేసుకుని ఒక్కో కెమెరాకీ టేపు వేస్తూ పోయాడు. టేపు లేనప్పుడు 11.9. మొదటి కెమెరాకి 11.7, రెండోదానికి 11.5, మూడోదానికి 11.2. నాలుగోది మూయగానే మీటరులో అంకె ఒక్కసారిగా 8 కిందికి పడి, లేచి, మళ్లీ పడింది. డీవీఆర్ బీప్ కొట్టి ఆగిపోయింది. మళ్లీ మొదలైంది, డిస్కు గిర్రున తిరగడం వినిపించింది, మళ్లీ ఆగింది. గేటు దగ్గర నుంచి రైతు కేక వేశారు: "అదేనండి, రాత్రి అయ్యేది అదే!"

తర్వాత నా సంచిలోని 12 వోల్టులు, 5 ఆంపియర్ల మంచి అడాప్టర్ పెట్టి, మీటర్ని వరసలో కలిపి కరెంటు కొలిచాను. నాలుగు కెమెరాలు, డీవీఆర్ కలిపి పగటి లోడు 1.3 ఆంపియర్లు. నాలుగు టేపులూ వేశాక 2.7. రెండు ఆంపియర్ల అడాప్టర్ మీద 2.7 లోడు పెడితే అది తనని తాను కాపాడుకోవడానికి ఔట్‌పుట్ కట్ చేస్తుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. పైగా డీవీఆర్ మొదలయ్యేటప్పుడు హార్డ్ డిస్కు తిరగడం అందుకోడానికి కొన్ని సెకన్ల పాటు 12 వోల్టుల లైన్లోంచి ఒకటిన్నర నుంచి రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. అంటే ఒకసారి ఆగిందా, మళ్లీ లేవడానికి ఇంకా ఎక్కువ కావాలి. అందుకే తెల్లారి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఆరేదాకా అది పడుతూ లేస్తూనే ఉంది. ఆ కొట్టుకోవడంలోనే మొదటి హార్డ్ డిస్కు దెబ్బతిని ఉంటుందని నా అభిప్రాయం. కొత్త డిస్కు కూడా ఆ బాటలోనే ఉంది.

ఆంపియర్ల గురించి ఒక భయం

5 ఆంపియర్ల డబ్బా పెడదామంటే రైతు వెనకాడారు. "అంత ఎక్కువ పెడితే డీవీఆర్ కాలిపోదాండీ?" ఈ ప్రశ్న రోజూ వింటాను. దీన్ని విడమర్చి చెప్పడానికి నేను ఎంత సమయమైనా తీసుకుంటాను. లేబుల్ మీద ఆంపియర్లు అంటే అడాప్టర్ ఇవ్వగలిగిన గరిష్ఠం. అంతా తోసేస్తుందని కాదు. వస్తువు తనకి కావలసినంతే లాక్కుంటుంది. ఊళ్లో ట్యాంకు ఎంత పెద్దదైనా మన ఇంటి కుళాయి తిప్పినంతే నీళ్లు వస్తాయి కదా, అంతే. కాబట్టి ఆంపియర్లు వస్తువు మీద రాసినదానికి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. వోల్టులు మాత్రం అంతే ఉండాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ఇక మూడోది ప్లస్ మైనస్. లేబుల్ మీద ఒక చుక్క, చుట్టూ అర్ధచంద్రంలాంటి గీత, రెండు వైపులా ప్లస్, మైనస్ ఉండే బొమ్మ ఒకటుంటుంది. చుక్కకి కలిసింది ప్లస్ అయితే లోపలి రంధ్రం ప్లస్. సంచిలోని కీబోర్డు అడాప్టర్‌కి అది తిరగబడి ఉంది, లోపల మైనస్. వోల్టులు కలిసినా దాన్ని మామూలు వస్తువుకి పెడితే ఉల్టా కరెంటు వెళుతుంది. లోపల రక్షణ డయోడ్ ఉంటే బతుకుతుంది, లేకపోతే లేదు. లేబుల్ చెరిగిపోయినవాటికి మీటర్ ఎర్ర మొన రంధ్రంలో, నల్ల మొన బయట పెట్టి చూడాలి. అంకె ముందు మైనస్ వస్తే తిరగబడినట్టు.

అల గుర్తు ఉన్న పాత మోడెమ్ అడాప్టర్‌ని మాత్రం వెంటనే పక్కన పడేయమన్నాను. అది డీసీ కాదు, ఏసీయే తగ్గించి ఇస్తుంది. బరువుగా, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత అడాప్టర్లతో ఇంకో చిక్కుంది. వాటిలో వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ లేకపోతే 12 అని రాసి ఉన్నా, లోడు లేనప్పుడు 16, 17 వోల్టుల దాకా చూపిస్తాయి.

స్ప్రేయర్ ఛార్జర్ అందరికీ ఉపయోగపడే విషయం. దాని మీద 12 వోల్టులు అని ఉంటుంది, బ్యాటరీ మీదా 12 అనే ఉంటుంది. కానీ సీసం బ్యాటరీ నిండాలంటే 13.8 నుంచి 14.4 వోల్టులు కావాలి, ఆ ఛార్జర్ ఇచ్చేది అదే. దాన్ని రౌటర్‌కి పెట్టకూడదు. అలాగే 12 వోల్టుల అడాప్టర్‌తో స్ప్రేయర్ బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు, సగం ఛార్జింగ్‌తో పడి ఉండి త్వరగా చస్తుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ తగిలిస్తే బ్యాటరీ లోపల మరిగిపోతుంది. లిథియం బ్యాటరీ అయితే ఇంకా ప్రమాదం. మూడు సెల్లుల ప్యాక్ 12.6 దగ్గర ఆగిపోవాల్సిందే. దాన్ని దానికోసం చేసిన ఛార్జర్‌తో తప్ప ఇంకేదానితోనూ ఛార్జ్ చేయకూడదు. మంటలు లేచేది అక్కడే.

80 మీటర్ల వైరు

అడాప్టర్ సరిచేస్తే కేసు అయిపోయేదే, కానీ నీళ్లు పెట్టే తూము దగ్గర కెమెరా మొదటి నుంచీ రాత్రిపూట మినుకుమినుకుమంటోందని కుర్రాడు చెప్పాడు. పిడుగు పడకముందు కూడా. అది షెడ్డుకి 80 మీటర్ల దూరంలో ఉంది. వేసింది సన్న వైరు, అర చదరపు మిల్లీమీటరు. రాగి తీగ ఆ మందంలో మీటరుకి 0.035 ఓమ్ నిరోధం ఉంటుంది. పోనూ రానూ 160 మీటర్లు కాబట్టి 5.6 ఓమ్‌లు. రాత్రి ఆ కెమెరా 0.45 ఆంపియర్ లాగితే వైరులోనే రెండున్నర వోల్టులు పోతాయి. షెడ్డులో 12 ఉన్నా కెమెరా దగ్గరికి చేరేది 9.5. నిచ్చెన ఎక్కి కొలిస్తే ఇంకా తక్కువే వచ్చింది, 9.3. స్తంభం మీది జాయింటు విప్పితే పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పునీటి చెరువుల గాలికి మా వైపు అతుకులన్నింటికీ ఈ గతే పడుతుంది.

ఇంత తక్కువలో కెమెరా రీసెట్ అవుతుంది, ఇన్‌ఫ్రారెడ్ ఆరుతుంది, లోడు తగ్గి వోల్టేజీ లేస్తుంది, మళ్లీ వెలుగుతుంది. మినుకుమినుకు అదే.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. కెమెరా డబ్బాల్లో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది. 14కో 15కో పెంచేసి, దూరం కెమెరాకి సరిపోయిందంటారు. నేను అలా చేయను. పగలు ఇన్‌ఫ్రారెడ్ ఆరితే కరెంటు తగ్గుతుంది, వైరులో పోయేదీ తగ్గుతుంది, అప్పుడు దాదాపు ఆ మొత్తం కెమెరా మీదే పడుతుంది. షెడ్డు పక్కన ఉన్న కెమెరాలకైతే పగలూ రాత్రీ అదే శిక్ష. ఈ కెమెరాల మీద 12 వోల్టులు, 10 శాతం అటూఇటూ అని ఉంది. అంటే 13.2 దాటకూడదు. మందం వైరు వేయడమే సరైన దారి. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో అదే దూరానికి పోయేది 0.84 వోల్టు మాత్రమే.

చేసింది

కెమెరాలకి వేరే 12 వోల్టులు, 5 ఆంపియర్ల డబ్బా పెట్టాం. దాంట్లో ఒక్కో లైనుకీ విడిగా ఫ్యూజు ఉంది, కాబట్టి ఒక వైరు షార్ట్ అయినా మిగతా మూడు బతుకుతాయి. 2 ఆంపియర్ల అడాప్టర్‌ని డీవీఆర్ ఒక్కదానికే వదిలేశాం. అయితే రేకుల షెడ్డు వేడిలో ఇన్నాళ్లు అధిక లోడు మోసిన అడాప్టర్ కాబట్టి, దాని సత్తా చూడకుండా వదల్లేదు. 12 వోల్టుల 21 వాట్ల బండి బ్రేకు లైటు బల్బు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది, అది ఒకటీముప్పావు ఆంపియర్ లాగుతుంది. చల్లటి బల్బు మొదట్లో ఎక్కువ లాగుతుంది కాబట్టి ఒకసారి మిణుకుమంటే పట్టించుకోను. పది నిమిషాలు వెలిగించి చూస్తే 10.9కి దిగిపోయి, ముట్టుకోలేనంత వేడెక్కింది. దాన్నీ మార్చేశాం.

కొత్తది కొనేటప్పుడు రైతుకి ఒకటి చూపించాను. నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కింద ఇలాంటి అడాప్టర్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నమోదు ఉండాలి. లేబుల్ మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరం, గీత, పక్కన ఎనిమిది అంకెల నంబరు ఉంటాయి. ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో చూపిస్తుంది. కొట్లో నిలబడే ఆయన ఒకదాని నంబరు కొట్టారు. ఆ పెట్టె మీద ఉన్న పేరు వేరు, యాప్‌లో వచ్చిన పేరు వేరు. దాన్ని వెనక్కి ఇచ్చేసి ఇంకోటి తీసుకున్నారు. ఇది చాదస్తం కాదు. నాసిరకం అడాప్టర్‌లో 230 వోల్టుల వైపుకీ 12 వోల్టుల వైపుకీ మధ్య ఉండాల్సిన ఎడం, ఇన్సులేషన్ సరిగ్గా ఉండవు. అది దెబ్బతింటే మెయిన్ కరెంటు డీవీఆర్ రేకు మీదికి వస్తుంది. తడి నేల మీద ఉత్త కాళ్లతో తిరిగే కుర్రాడు దాన్ని ముట్టుకుంటాడు. కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ షెడ్డు లైనుకి లేదు. అడాప్టర్ల ఖర్చుతో పాటు అదీ పెట్టించమని గట్టిగా పట్టుబట్టాను, పెట్టించారు.

తూము కెమెరాకి కొత్త వైరు లాగి, అతుకుని మూతున్న జంక్షన్ డబ్బాలో పెట్టాం. రాత్రి అన్నీ వెలిగాక కొలతలు తీసుకున్నాం. డబ్బా దగ్గర 12.0, తూము కెమెరా దగ్గర 11.1, డీవీఆర్ దగ్గర 11.9. ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయి.

ప్రతి అడాప్టర్‌కీ తెల్ల టేపు చుట్టి, అది దేనిదో మార్కర్‌తో తెలుగులో రాశాం. పిన్ను చివరా ఒకటి, ప్లగ్గు దగ్గరా ఒకటి, ఎందుకంటే కంగారులో మనిషి చూసేది పిన్ను చివరే. ల్యాప్‌టాప్ అడాప్టర్ ఇంటికి వెళ్లిపోయింది.

చివర్లో ఆయన కరెంటు పోయినప్పుడు ఎలాగని అడిగారు. కొత్తగా పెట్టే రౌటర్‌కని ఎవరో ఇచ్చిన, యూఎస్‌బీ నుంచి 12 వోల్టులకి పెంచే కేబుల్‌ని పవర్ బ్యాంకుకి పెట్టబోయారు. లెక్క చూపించాను: 5 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు. రౌటర్ లేబుల్ ప్రకారం 12 వాట్లు కావాలి, పెంచడంలో కొంత వృథా కూడా పోతుంది. లోడు పెరిగినప్పుడల్లా రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. అందుకని రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ విడిగా పెట్టుకోమన్నాను. డిస్కు మొదలయ్యేటప్పటి లాగుడు ఆ చిన్న యూపీఎస్ మోయలేదు కాబట్టి డీవీఆర్‌నీ కెమెరా డబ్బానీ షెడ్డులో ఉన్న ఇన్వర్టర్ లైను మీదికి మార్చాం.